తలుపు సినిమా

సెలవులు కలిసొచ్చిన వారాంతంలో ఏ సినిమాకు ఎంత జనం వస్తారో ముందుగా చెప్పడం ఆమె ఉద్యోగం. అందుకే ఆఫీసులో ఆమెను ‘జోస్యం’ అనేవారు. ఎదుట ఉంటే ‘జోస్యం గారూ’, పక్కకు తిరిగితే వట్టి ‘జోస్యం’. ఆ పిలుపులో వెక్కిరింత ఎంత ఉందో గౌరవమూ అంతే ఉందని తెలుసు కాబట్టి ఆమె పట్టించుకునేది కాదు.

ఆఫీసు ఒక ఫర్నిచర్ కొట్టు పైన, రెండో అంతస్తులో ఉండేది. పొడుగాటి గది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఏడెనిమిది మంది వరసగా కూర్చుని, ఊళ్ళోవాళ్ళకు ఫోన్లు చేసి ఒకే మాట అడుగుతుంటారు. వచ్చే సెలవులకు సినిమాకు వెళ్తున్నారా, వెళ్తే దేనికి అని. ఆ జవాబులన్నీ ఆమె బల్ల దగ్గరకు చేరతాయి. ఆమె వాటిని కూడి ఊరుకోదు. రికార్డు చేసిన మాటలు పెట్టుకుని, మనిషి ఎలా అన్నాడో వింటుంది. ‘తప్పకుండా చూస్తామండీ’ అని ఠక్కున అనేవాడు రాడు. ‘చూద్దాం’ అని సాగదీసేవాడు అసలే రాడు. ‘ఏం చెప్పమంటారండీ, మా పిల్లలు ప్రాణాలు తోడేస్తున్నారు’ అని విసుక్కునే తండ్రి మాత్రం టికెట్టు కొన్నట్టే లెక్క. ఏ సినిమాకు ఎన్ని ఆటలివ్వాలో హాళ్ళవాళ్ళు ఆమె మాట మీదే తేల్చుకునేవారు.

ఆ వారం మూడు సినిమాలు విడుదలవుతున్నాయి. పెద్ద హీరో కొట్లాటల సినిమా ఒకటి, కడుపుబ్బ నవ్విస్తామని ఊరంతా చాటుకుంటున్నది ఒకటి, పిల్లల బొమ్మల సినిమా ఒకటి. పెద్ద హీరోది మొదటి రోజే నిండుతుంది, నవ్వుల సినిమా రెండో రోజుకు పుంజుకుంటుంది, బొమ్మల సినిమా మధ్యాహ్నం ఆటలు లాక్కుంటుంది. కళ్ళు మూసుకుని రాసిచ్చేయొచ్చు.

సోమవారం భోజనాలయ్యాక కంచు ఆమె బల్ల దగ్గరకు వచ్చాడు. ఫోన్లు చేసేవాళ్ళలో అతనే పెద్దవాడు. వయసులో ఉన్నప్పుడు నాటకాలు వేశాడు. ఖంగుమనే ఆ గొంతు వల్లే ఆ పేరు.

“జోస్యం గారూ, ఈ వారం నాలుగో సినిమా ఏదైనా ఉందాండీ?”

“లేదే. ఏం?”

“పొద్దుట్నుంచి ముగ్గురు చెప్పారు. పేరు ఎవరికీ తెలీదు. అదేనండీ, ఆ తలుపు సినిమా అంటున్నారు.”

“పాత దయ్యాల సినిమా ఏదో మళ్ళీ వేస్తున్నారేమో.”

“దయ్యాలు లేవంట. ఒకామె తలుపు బయట నిలబడి బెల్లు కొడుతుందంట. ఇంకొకామె లోపల నిలబడి ఉంటుందంట. లోపలామె తలుపు తీస్తుందా తీయదా అని చూడ్డానికి వెళ్తారంట.”

“అంతేనా కథ? దానికి ఎవరెళ్తారండీ!” అని ఆమె నవ్వేసింది.

మంగళవారానికి ఆ ముగ్గురు ముప్ఫై మందయ్యారు. బుధవారానికి వరసలో కూర్చున్న ప్రతివాడూ తల గోక్కుంటూ ఆమె వైపు చూస్తున్నాడు. పెద్ద హీరో పేరు చెప్పేవాళ్ళు కూడా ఆ తర్వాత గొంతు తగ్గించి, ‘ముందు ఆ తలుపుది చూసి, తర్వాత దీనికి’ అంటున్నారు. ఆ మాట అనే తీరు ఆమెకు నచ్చలేదు. సినిమా గురించి మాట్లాడే హుషారు అందులో లేదు. ఆసుపత్రిలో ఉన్న మనిషి ఎలా ఉన్నారని అడిగేటప్పుడు ఉండే జాగ్రత్త ఉంది.

ఇక ఆగలేక ఆమే హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. రెండో ఫోనుకే ఒక ముసలావిడ దొరికింది.

“ఆ సినిమా సంగతి కాస్త చెప్తారా బామ్మగారూ?”

“ఏముందమ్మా, మధ్యాహ్నం పూట. స్టవ్ మీద పాలుంటాయి. బెల్లు మోగుతుంది. ఆ అమ్మాయి తలుపులో ఉన్న చిన్న గాజుకంతలోంచి చూస్తుంది. చూసి, పిల్లిలా వెనక్కెళ్ళి స్టవ్ ఆపేస్తుంది. పాలు కాగితే వాసన బయటికెళ్తుంది కదా, ఇంట్లో మనిషున్నట్టు తెలిసిపోతుందని.”

ఆమె చేతిలో పెన్ను ఆగిపోయింది. “ఇదంతా మీరు ఎక్కడ చూశారు?”

“టీవీలో వేశారు. కాదు, మా కోడలు చెప్పింది.”

ఫోనులో వెనకనుంచి ఎవరో ఆడమనిషి, “నేనెప్పుడు చెప్పాను అత్తయ్యా? మీరేగా నాకు చెప్పింది!” అనడం వినిపించింది.

తర్వాతి ఫోను ఎత్తినవాడు బస్సు కండక్టరు. రణగొణధ్వనిలో అరిచి మాట్లాడాడు. “చెప్పు సంగతి మీకు తెలుసాండీ? ఆవిడ ఒక కాలికే చెప్పు ఉంటుంది. రెండోది మంచం కిందకి పోయి ఉంటుంది. టకటకమని చప్పుడవుతుందని ఆ ఉన్నదాన్నీ విప్పేసి చేత్తో పట్టుకుంటుంది. అలా పట్టుకునే తలుపు దగ్గర నిలబడి ఉంటుంది. అది చూస్తే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది మేడం.”

ఆమె హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. చెప్పు సంగతి ఆమే మరిచిపోయింది. అతను అన్నాకే అరచేతిలో ఆ రబ్బరు మెత్తదనం మళ్ళీ తగిలింది.

ఆ మధ్యాహ్నం ఆమెదే. ఆ తలుపు ఆమె ఇంటిదే.

ఆమెకు ఒక్కతే అక్క. తనకేమో కడుపు నిలవలేదు, డాక్టర్లు ఇక ఆశ పెట్టుకోవద్దన్నారు. అదే సమయంలో అక్కకు కొడుకు తర్వాత కూతురు పుట్టింది. కాన్పు అయ్యాక అక్క మంచం పట్టింది. పొత్తిళ్ళలో ఉన్న పిల్లను చెల్లెలి ఒళ్ళో పెట్టి, “నువ్వే పెంచుకోవే, ఇది నీ పిల్లే” అంది. ఆ పిల్లను పండు అని పిలుచుకున్నారు. పండు ఆమెను అమ్మా అని పిలిచింది, అక్కను పెద్దమ్మా అంది. నాలుగేళ్ళు ఆ ఇల్లు ఇల్లులా ఉంది.

అప్పుడు అక్క కొడుకు జ్వరం వచ్చి వారం తిరక్కుండా పోయాడు. మెదడుకు సోకిందన్నారు. అక్క ఏడవలేదు, తిండి తినలేదు, గోడకేసి చూస్తూ కూర్చుంది. ఒకరోజు వచ్చి, “నా పిల్లని నాకిచ్చెయ్యవే” అంది. ఇవ్వనంటే ఏ దేవుడూ మెచ్చడు. ఇస్తే ఊపిరి తీసి ఇచ్చినట్టే. ఆమె పండు బట్టలు మడతపెట్టి సంచిలో సర్ది, జుట్టు దువ్వి, పంపించేసింది. అమ్మను పిన్నీ అనాలని, పెద్దమ్మను అమ్మా అనాలని చెబుతుంటే ఆ పసిదానికి నాలుక మడతపడింది.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం బెల్లు మోగింది. గాజుకంతలోంచి చూస్తే అక్క. ఆమె స్టవ్ ఆపింది. తలుపు వెనక నిలబడింది. “చెల్లీ, ఉన్నావని తెలుసు” అంది అక్క. ఇంకోసారి బెల్లు కొట్టింది. చాలాసేపటికి మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది. ఆమె తలుపు తీయలేదు. అక్క ఎందుకొచ్చిందో తెలుసుకోలేదు. ఆ తర్వాత అక్క మళ్ళీ రాలేదు, ఆమె కూడా వెళ్ళలేదు. అలా ఏళ్ళు గడిచిపోయాయి. ఆ సంగతి ఆమె ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనలేదు. భర్తతో కూడా.

ఆ సాయంత్రం భర్త స్నానం చేసి వచ్చి భోజనానికి కూర్చున్నాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఎంత కడిగినా గోళ్ళలో గ్రీజు పోదు, ఏం జరిగినా మొహాన నవ్వు పోదు.

“సెలవులకి సినిమాకెళ్దామా? మావాళ్ళంతా ఏదో తలుపు సినిమా అంటున్నారు” అన్నాడు ముద్ద కలుపుతూ.

ఆమె మజ్జిగ గిన్నె కింద పెట్టింది. “ఏమంటున్నారు?”

“ఆవిడ తలుపు తీస్తుందా లేదా అని పందేలు కాస్తున్నారు. నేను తీస్తుందనే అన్నాను.”

“ఎందుకు?”

“ఎందుకేంటి, బయట నిలబడింది తోడబుట్టింది కదా! ఎన్ని ఉన్నా తీయకుండా ఎలా ఉంటుంది?”

“తోడబుట్టిందని మీకెవరు చెప్పారు?”

ఆయన ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆగాడు. “ఏమో. అలా అనిపించింది.” మళ్ళీ మామూలుగా తినడం మొదలుపెట్టాడు. ఆ రోజు ఎక్కడో లిఫ్టులో ఇరుక్కున్న లావుపాటాయన కథ చెప్పి తనే నవ్వుకున్నాడు. ఆమెకు ఒక్క మాటా చెవికెక్కలేదు.

గురువారం అంచనా ఇవ్వాలి. ఆమె ఒక్క కాగితం మీద నాలుగు ముక్కలు రాసి బాస్ ముందు పెట్టింది. మూడు సినిమాలకూ హాళ్ళు ఖాళీగా ఉంటాయి, జనం నాలుగో సినిమాకు వెళ్తున్నారు.

బాస్ కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. “నాలుగో సినిమా అనేది లేదండీ జోస్యం గారూ. తీసినవాడు లేడు, ఆడేవాడు లేడు, పోస్టరు లేదు. లేని సినిమాకి జనం ఎలా వెళ్తారు?”

“అది నాకూ తెలీదు సార్. కానీ వెళ్తారు.”

“ఇది పెద్ద హీరోవాళ్ళకి చూపిస్తే మనల్ని మెట్ల మీంచి దొర్లిస్తారు. ఒంట్లో బాగుంటోందా? నాలుగు రోజులు సెలవు పెడతారా?”

ఆమె సెలవు వద్దంది, కాగితం మార్చనూ లేదు. బయటకు వస్తుంటే కంచు ఎదురయ్యాడు.

“నేను రేపు పొద్దున ఆటకే వెళ్తున్నానండీ, ఇంటిల్లిపాదీ” అన్నాడు మెరుస్తున్న కళ్ళతో.

“దేనికి?”

“ఇంకా దేనికి? తలుపు సినిమాకి.”

“మీరే కదండీ, అలాంటిది ఉందా అని నన్నడిగారు!”

“అడిగానా?” అతను నిజంగానే గుర్తుతెచ్చుకోబోయి మానేశాడు. “పెద్ద సినిమాహాళ్ళ భవనంలోనండీ, పై అంతస్తులో.”

“పైనున్న హాలు మూసేశారు. కప్పు కారుతోందని కుర్చీలు కూడా పీకేశారు.”

కంచు ఆమె కేసి జాలిగా చూశాడు. తర్వాత ఆ ఖంగుమనే గొంతు తగ్గించి, “తీస్తుందంటారా?” అని అడిగాడు.

ఆమెకు ముగింపు తెలుసు. ఇన్నేళ్ళలో ఆమెకు ముందే ముగింపు తెలిసిన సినిమా అదొక్కటే. ఇంతమంది పిల్లాజెల్లాతో వెళ్ళి కూర్చుంటారు, అక్కడ ఆ లోపలామె చెప్పు చేత్తో పట్టుకుని కదలకుండా నిలబడుతుంది, బయటి మనిషి మెట్లు దిగిపోతుంది. రేపటికి ఊరంతటికీ తెలిసిపోతుంది. ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున ఆమె ఆ భవనానికి వెళ్ళింది. విడుదల రోజు వెళ్ళి జనాన్ని చూడడం ఆమెకు అలవాటే. లోపల ఇసకేస్తే రాలనంత జనం ఉన్నారు. కొత్త బట్టలు, భుజాల మీద పసిపిల్లలు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్న ముసలి జంటలు. సెలవురోజు సందడి మాత్రం లేదు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. పాప్‌కార్న్ అమ్మే అమ్మాయి గల్లా ముందు గడ్డానికి చెయ్యి ఆనించుకుని కూర్చుంది. కింద మూడు హాళ్ళ తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. లోపలికి తొంగిచూస్తే తెర మీద పెద్ద హీరో ఒక్కడే ఎవరినో చావబాదుతున్నాడు, ఎదురుగా ఖాళీ కుర్చీలు. జనమంతా కదిలే మెట్ల మీద వరసగా పైకి పోతున్నారు. ఆమె కూడా ఎక్కింది.

పై అంతస్తులో తలుపు తెరిచి ఉంది. లోపలనుంచి చీకటి, చల్లగాలి వస్తున్నాయి. గేటు దగ్గర ఒక మనిషి టార్చి పట్టుకుని నిలబడి ఒక్కొక్కరినీ లోపలికి పంపుతున్నాడు. ఎవరినీ టికెట్టు అడగడం లేదు. అందరూ వెళ్ళాక ఆమె ముందుకెళ్తే అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

“హౌస్‌ఫుల్ అమ్మా.”

“నిలబడి చూస్తాను బాబూ.”

అతను టార్చి ఎత్తి ఆమె మొహం మీద వేశాడు. వెంటనే దించేశాడు. ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు మెత్తగా అన్నాడు. “మీరు లోపలికొస్తే అక్కడ తలుపు వెనక ఎవరుంటారమ్మా?”

తలుపు మూసుకుంది.

ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. వెళ్ళిపోవడానికి మనసొప్పలేదు. చాలాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత లోపల బెల్లు మోగింది. ఆమె ఇంటి బెల్లే. పాతబడి, సగంలో గొంతు పట్టేసినట్టు ఆగిపోయే ఆ మోత మరో ఇంట్లో ఉండదు. ఆ వెనకే, గోడలు తొలుచుకుని వచ్చినట్టు అక్క గొంతు. చెల్లీ, ఉన్నావని తెలుసు.

అన్ని వందలమంది ఉన్న హాల్లో ఒక్కరు దగ్గలేదు. ఒక్క పసిపిల్ల ఏడవలేదు. ఆమె చెవి తలుపుకు ఆనించి వింది. అవతల కూడా ఎవరో ఊపిరి బిగబట్టి తలుపుకు ఆనుకుని ఉన్నట్టే అనిపించింది. తానా, హాల్లోవాళ్ళా, ఎవరో తెలియలేదు. గభాలున వెనక్కి జరిగింది.

ఆట అయిపోయింది. జనం బయటకు వచ్చారు. కంచు భార్యను పట్టుకుని ఎర్రబడ్డ కళ్ళతో ఆమె పక్కనుంచే వెళ్ళాడు, దారిలో అడ్డమున్న పరాయి మనిషికి తప్పుకున్నట్టు తప్పుకుని. ఆమె ఉండబట్టలేక, నిద్రపోతున్న బిడ్డను భుజాన వేసుకుని వస్తున్న ఒకామె చెయ్యి పట్టుకుంది.

“ఏమ్మా, తలుపు తీసిందా?”

“తీసింది” అంది ఆ తల్లి.

“తీసిందా!”

“ఎంత సేపటికో! ప్రాణం పోయిందనుకో.”

“తీశాక ఏమైంది? పెద్దామె ఎందుకొచ్చిందట?”

“ఏం లేదు. ఇద్దరూ వంటింట్లో కింద కూర్చుంటారు. పిల్ల రాత్రిళ్ళు నిద్రపోవట్లేదని, నువ్వెలా జోకొట్టేదానివో చూపించవే అని అడుగుతుంది పెద్దామె. చిన్నామె ఒళ్ళో దిండు పెట్టుకుని, ఇదిగో ఇలా, వీపు మీద కాదు, నడుం పైన, మూడు మెల్లగా ఒకటి గట్టిగా అని చూపిస్తుంది. అంతే సినిమా.”

“అంతేనా?”

“అంతే. హాలంతా ఏడ్చింది.” ఆ తల్లి చెయ్యి విడిపించుకుని, ఆమె మొహంలోకి ఒకసారి పరీక్షగా చూసి, మాట మార్చినట్టు, “మిమ్మల్ని ఎక్కడో చూశాను” అనేసి మెట్ల వైపు వెళ్ళిపోయింది.

మూడు మెల్లగా, ఒకటి గట్టిగా. పండును ఆమె అలాగే జోకొట్టేది. చీకటి గదిలో, భర్త గురక పెడుతుంటే. ఆ లెక్క మరొకరికి తెలిసే వీల్లేదు.

అక్క బస్సు స్టేషనులో పనిచేస్తుందని తెలుసు. విచారణ గదిలో, అద్దం వెనక కూర్చుని మైకులో బస్సుల వివరాలు చెప్పే పని. ఎప్పుడైనా అటు వెళ్ళాల్సి వస్తే ఆ గొంతు వినపడకుండా ఆమె చుట్టు తిరిగి పోయేది. ఆ రోజు తిన్నగా వెళ్ళి వరసలో నిలబడింది. సెలవులని జనం కిక్కిరిసి ఉన్నారు. తన వంతు వచ్చేసరికి అద్దంలో ఉన్న గుండ్రటి కంతకు నోరు దగ్గర పెట్టింది.

“అక్కా.”

అక్క తలెత్తింది. జుట్టు నెరిసింది. కళ్ళ కింద చారలు. మొదట ఎక్కడికి వెళ్ళాలి అన్నట్టు చూసింది. తర్వాత గుర్తుపట్టింది.

“ఒక్కటే అడుగుతాను, చెప్పు. ఆ రోజు ఎందుకొచ్చావు?”

ఏ రోజని అక్క అడగలేదు. “ఇప్పుడెందుకే అది?”

“ఎందుకొచ్చావు?”

వెనకనుంచి ఒకాయన, “అమ్మా, మీ ఇంటి గొడవలు తర్వాత, మా బస్సు ఎక్కడాగుతుందో చెప్పించండి ముందు” అన్నాడు. అక్క అతనికేదో చెప్పాలని కంగారులో మైకు మీట నొక్కింది. నొక్కిన సంగతే మరిచిపోయింది.

“పండు నిద్రపోయేది కాదే. ఎంత చేసినా కళ్ళు తెరుచుకుని నీ కోసం చూసేది. నాకేం చేతకాలేదు. నువ్వెలా జోకొట్టేదానివో అడుగుదామని వచ్చాను. ఇంకేం లేదు.”

ఆ మాటలు స్టేషనంతా మోగాయి. ప్రతి స్తంభానికీ ఉన్న స్పీకర్లలోంచి, మరుగుదొడ్ల దాకా, బయట ఆటోలు ఆగే చోటి దాకా. మూటలు మోస్తున్నవాళ్ళు ఆగిపోయారు. బస్సు కిటికీల్లోంచి తలలు బయటకు వచ్చాయి. అంత పెద్ద స్టేషను ఒక్క క్షణం చప్పుడు లేకుండా, ఇద్దరు అక్కచెల్లెళ్ళ వైపు తిరిగి నిలబడింది. ఆ మొహాలన్నీ ఇందాక హాల్లోంచి బయటకు వచ్చిన మొహాల్లాగే ఉన్నాయి.

అక్క మీట ఆపేసి తల పట్టుకుంది. “నా ఉద్యోగం ఊడింది ఇవాళ్టికి” అంది. అంటూనే నవ్వొచ్చి, ఆ నవ్వులోనే ఏడుపొచ్చి, పక్కసీటు మనిషికి పని అప్పగించి, వెనక తలుపు తీసి చెల్లెల్ని లోపలికి లాక్కుంది.

సిబ్బంది భోజనాలు చేసే చిన్న గదిలో కూర్చున్నారు. అక్క ఒకటికి రెండుసార్లు బల్ల తుడిచింది. అంతలో క్యారియరు పట్టుకుని ఒక పొడుగాటి అమ్మాయి లోపలికి వచ్చింది. రెండు జడలు, చెమటపట్టిన నుదురు. పండు. ఆమె లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది.

“ఇంత ఆలస్యమేంటే?” అంది అక్క, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

“సినిమా నుంచి తిన్నగా ఇంటికెళ్ళి తెచ్చాను కదా. ఫ్రెండ్స్‌తో తలుపు సినిమాకెళ్ళాను.” పండు క్యారియరు బల్ల మీద పెట్టి, పిన్ని కేసి సూటిగా చూసింది. గుర్తుపట్టానని కానీ, పట్టలేదని కానీ ఆ చూపులో లేదు.

“బాగుందటగా” అంది ఆమె. “తలుపు తీసిందని చెప్పారు.”

“ఎవరు చెప్పారు? తీయలేదు.”

పండు క్యారియరు మూత తీసింది.

“చెప్పు చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. మా ఫ్రెండ్స్ కూడా తీసిందనే అంటున్నారు. వాళ్ళు ఏం చూశారో నాకు తెలీదు. నేను చూసిందాంట్లో తీయలేదు.” పండు ఒక్కో గిన్నే విడదీస్తూ మాట్లాడుతోంది. “కింద మెట్ల మీద ఒక చిన్నపిల్ల కూర్చుని ఉంటుంది. పైనుంచి బెల్లు వినిపిస్తుంటుంది. తర్వాత వాళ్ళమ్మ దిగి వస్తుంది. పిన్ని ఇంట్లో లేదు, పద అంటుంది. కానీ ఆ పిల్లకి పాల వాసన వస్తుంది.”

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “నిన్ను తీసుకొచ్చానని పిన్నికి ఇవాళ్టిదాకా చెప్పలేదే నేను. నీకెలా గుర్తు? అప్పుడు నీకెన్నేళ్ళని!”

“గుర్తులేదు. ఇవాళ చూశాకే గుర్తొచ్చింది.”

ఆమె ఆ పిల్ల కళ్ళలోకి చూసి చెప్పింది. “అవును. తీయలేదు. ఇంట్లోనే ఉన్నాను.”

పండు తలూపింది. కోపగించలేదు, ఏడవలేదు. కూర గిన్నె ఆమె వైపు జరిపి, “మన ముగ్గురికీ సరిపోదు, నేను ఇంట్లో తిన్నాను, మీరిద్దరూ తినండి” అంది.

సోమవారం ఆఫీసుకు వెళ్తే బాస్ గుమ్మం దాకా ఎదురొచ్చాడు. మూడు సినిమాలూ మట్టికరిచాయి. మీ మాట విననందుకు చెంపలేసుకుంటున్నానన్నాడు. నాలుగో సినిమా మాట మాత్రం ఎత్తలేదు. ఆమె కాగితం తీసి చూస్తే అందులో నాలుగో సినిమా అనే మాట ఆమె చేతిరాతలోనే ఉంది. అది చూపిస్తే, “ఏదో కొట్టివేత అనుకున్నాను” అన్నాడాయన. కంచును అడిగితే పెద్ద హీరో సినిమాకు వెళ్ళి నిద్రపోయానన్నాడు. ఆమె ఆ ముసలావిడకు, కండక్టరుకు మళ్ళీ ఫోన్లు చేసింది. ఇద్దరూ ఏ సినిమా అని అడిగారు. భవనానికి వెళ్ళి పైకెక్కి చూస్తే హాలు తలుపుకు తాళం. కింద సందులోంచి చూస్తే పీకేసిన కుర్చీల గుర్తులు, నీటి మరకలు. భర్త కూడా మరిచిపోయాడు. ఆయనకు ఆమే మొదటినుంచి చివరిదాకా చెప్పింది, ఆ మధ్యాహ్నం తాను ఇంట్లోనే ఉన్నానన్న సంగతితో సహా. ఆయన గోళ్ళలోని గ్రీజు గీక్కుంటూ, “మరి ఆదివారం పిల్లని రమ్మన్నావా?” అని మాత్రం అడిగాడు.

ఆదివారం పండు వచ్చింది. అద్దెకు ఇల్లు చూడ్డానికి వచ్చిన మనిషిలా చేతులు వెనక్కి కట్టుకుని గదులన్నీ తిరిగింది. “ఈ ఫ్యాను మొదట్నుంచీ ఇలాగే కిటకిటలాడేదా?” అని అడిగింది. “లిఫ్టులైతే బాగుచేస్తాను కానీ ఫ్యాన్లు నా వల్ల కాదమ్మా” అన్నాడు బాబాయి. పండు మొదటిసారి నవ్వింది. ఆమెను అమ్మా అనలేదు, పిన్నీ అనలేదు. ఇదిగో అంటోంది, నువ్వు అంటోంది. ఏమని పిలవాలో ఆమె దిద్దలేదు. గుడ్లు తానే వేయిస్తానని పిల్ల వంటింట్లోకి వెళ్ళింది.

ఆమె ముందుగదిలో ఉంది. వీధిలో ఎందుకో చప్పుడు తగ్గినట్టనిపించి కిటికీ దగ్గరకు వెళ్ళింది. అవతలి కాలిబాట మీద మనుషులు నిలబడి ఉన్నారు. పదిమంది ఉంటారేమో, ఇరవైమంది ఉంటారేమో. మొగుడూపెళ్ళాలు, ముసలివాళ్ళు, భుజాన పిల్లను వేసుకున్న ఒకామె. అందరూ తలలెత్తి ఆమె కిటికీ కేసి చూస్తున్నారు. ఆమెను చూసినా ఎవరూ చూపు తిప్పుకోలేదు, ఎవరూ పలకరించలేదు. బొమ్మ అయిపోయాక తెర మీద పేర్లు పడుతుంటే లేవాలా వద్దా అని కుర్చీల్లో ఆగే జనంలా ఉన్నారు. ఆమె చెయ్యి కర్టెను మీదకు వెళ్ళి ఆగింది. కాసేపటికి ఆ తల్లి పిల్లను ఈ భుజం మీంచి ఆ భుజం మీదకు మార్చుకుంది. ముసలాయన ఒకడు జేబులు తడుముకున్నాడు. ఒకరి తర్వాత ఒకరు, ఇద్దరి తర్వాత ఇద్దరు, వాళ్ళంతా తలో దారిన వెళ్ళిపోయారు. వీధిలో స్కూటర్ల మోత మళ్ళీ మొదలైంది.

“ఇదిగో, నిన్నే! ఉప్పు ఎక్కడ పెట్టావు?” లోపలనుంచి పండు కేక వేసింది.

“కిటికీ పక్క అరలో, పసుపు డబ్బా వెనకాల” అంటూ ఆమె వంటింట్లోకి నడిచింది.